అరుంధతి కనిపించిందా?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మీలో పెళ్ళయినవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు నాకు చెప్పనక్కరలేదు, మీకు మీరే చెప్పుకోండి. పెళ్ళినాడు పురోహితులవారు మిమ్మల్ని పందిట్లోంచి బయటికి తీసుకువెళ్ళి, ఆకాశం వైపు వేలు చూపించి, "అదుగోనమ్మా అరుంధతి, కనిపించిందా?" అని అడిగారు గదా. నిజంగా కనిపించిందా?

నాకు కనిపించలేదు. మా ముహూర్తం పగలు పదకొండు గంటలకు. నెత్తిమీద ఎండ మండిపోతూ వుంది. తలెత్తితే కళ్ళు బైర్లు కమ్మాయిగాని చుక్క ఎక్కడిది? వెనకనుంచి మా మేనత్త "కనిపించిందని చెప్పవే, ఆలస్యమవుతోంది" అని చెవిలో అంది. "కనిపించిందండీ" అన్నాను. పక్కనున్న మావారూ అదే మాట అన్నారు. అలా మా సంసారం ఇద్దరమూ కలిసి ఆడిన ఒక చిన్న అబద్ధంతో మొదలయిందన్నమాట!

ఆ తరవాత ఇరవై యేళ్ళపాటు నేను అరుంధతిని వెతకనూ లేదు. వంటిల్లు, పిల్లలు, పండుగలు, పబ్బాలు. ఆకాశం వైపు తలెత్తేది వడియాలు ఆరబెట్టిన రోజున మబ్బు పట్టిందేమోనని చూడటానికే. ఇవాళ మీతో చెప్పదలచుకున్నది, ఆ తలను నేను మళ్ళీ ఎలా ఎత్తానన్న సంగతి.

నేను పుట్టింది ధర్మవరంలో. మెట్టింది హిందూపురం. మా అక్కను పెనుకొండలో యిచ్చారు. ఈ మూడూళ్ళూ ఒకే రైలుదారిలో వున్నాయి గనుక నా బతుకంతా ఆ దారిలోనే నడిచింది. నాలుగేళ్ళ కిందట, మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో వుండగా, మా తమ్ముడు బెంగుళూరు నుంచి ఒక బైనాక్యులర్ తెచ్చి యిచ్చాడు. మనవాళ్ళు దుర్భిణి అంటారే, అదే. కాకపోతే రెండు కళ్ళకీ రెండు గొట్టాలు. అమ్మాయి ఓ వారం రోజులు కాకుల్ని, చిలకల్ని చూసింది. తరవాత అది బీరువా నెత్తికెక్కింది.

ఒకనాటి సాయంత్రం వడియాలు తీద్దామని మిద్దెక్కబోతూ, ఏం తోచిందో, ఆ దుర్భిణిని కూడా మెళ్ళో వేసుకువెళ్ళాను. ఆ రోజు అష్టమి. సగం చంద్రుడు నడినెత్తిన వున్నాడు. పిట్టగోడకు ఆనుకుని, దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నాను. అమ్మో! చిన్నప్పటినుంచి పళ్ళెంలా కనిపించిన చంద్రుడు గుండ్రంగా, బంతిలా, అంతరిక్షంలో వేలాడుతూ కనిపించాడు. వెలుగు ఆగి చీకటి మొదలయ్యే అంచు వెంబడి గుంతలు, గట్లు, వాటి నీడలు! ఆనాడు వడియాల సంగతి మరిచిపోయాను. కాకులకు పండగయింది.

అప్పటినుంచి రోజూ వంట సర్దుకున్నాక ఓ అరగంట మిద్దెమీదికి వెళ్ళటం అలవాటయింది. ఈ అలవాటు ఎన్నాళ్ళో దాగలేదు. ఒకాయన వీధి మొదట్లో మావారిని ఆపి, "మీ ఇంట్లో ఆడవాళ్ళు రాత్రిళ్ళు దుర్భిణి పట్టుకుని ఎవరిళ్ళలోకి చూస్తున్నారండీ?" అని అడిగాడట. మావారు ఇంటికొచ్చి నన్ను కోప్పడలేదుగాని, "నాలుగు రోజులు మానెయ్యరాదూ" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మగపిల్లవాడు మిద్దెమీద దుర్భిణి పెట్టుకుంటే సైన్సంటారు. ఆడది పెట్టుకుంటే చాటుగా చూడటమంటారు. 

నన్ను ఆదుకున్నది, మీరు నమ్మరు, మా అత్తమ్మ. "ఆయనింట్లో చూడటానికేముందిరా, చంద్రుణ్ణి వదిలిపెట్టి!" అని కొడుకుతో అని, మర్నాడు తనే వెళ్ళి ఆయన భార్యను పిలుచుకొచ్చింది. ఆవిడ ఎంతసేపో దుర్భిణి దించలేదు. "ఇదేమక్కా, ముగ్గుపిండిమీద వానచినుకులు పడ్డట్టుందీ!" అంది. ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. రెండు రోజుల తరవాత ఆయనే మెట్ల దగ్గర నిలబడి, "చంద్రుడు బాగా కనిపిస్తున్నాడటగా" అన్నాడు. "రండన్నా" అన్నాను. అంతే, ఆ గొడవ ముగిసింది.

ఇక దుర్భిణి సంగతి చెబుతాను. దానిమీద 7×50 అనో, 10×50 అనో అంకెలుంటాయి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. చీకట్లో మన కంటిపాప మహా అయితే ఏడు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. నలభై దాటాక అంతా విచ్చుకోదు. యాభై మిల్లీమీటర్ల అద్దం దానికి యాభై రెట్లు వెలుగును పోగుచేసి తెస్తుంది. చిన్న గ్లాసు పెట్టిన చోట పెద్ద గంగాళం పెడితే వాననీళ్ళు ఎక్కువ పడవూ? అదే సూత్రం. లోపల పట్టకాలుండటంవల్ల బొమ్మ తలకిందులు కాకుండా నిటారుగానే కనిపిస్తుంది. రెండు కళ్ళూ తెరిచి చూస్తాం గనుక కంటికి శ్రమ తక్కువ. పెద్ద టెలిస్కోపు ఆకాశంలో చిటికెడు చోటునే చూపిస్తే, 10×50 దుర్భిణి పన్నెండు నిండు చంద్రుళ్ళను వరసగా పేర్చినంత వెడల్పు చూపిస్తుంది. కొత్తవాళ్ళకు ఇదే మేలు. ఒక మంచి పట్టుచీర కయ్యే డబ్బులో కొంత చాలు. "ఇరవై రెట్లు, యాభై రెట్లు" అని ఊరించేవాటి జోలికి పోకండి. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ అన్ని రెట్లు కనిపిస్తుంది. అద్దాలకు ఎర్రగా మెరిసే పూత వున్నవీ వద్దు.

వణుకు తగ్గటానికి ఒక చిట్కా. మన ఇంట్లో బూజు కర్ర వుంటుందిగా? దాన్ని నిటారుగా నిలబెట్టి, దానిమీద దుర్భిణిని ఆనించి పట్టుకోండి. లేదా చాప వేసుకుని, తలకింద దిండు పెట్టుకుని పడుకుని చూడండి. వెలుగులోంచి వెళ్ళగానే ఏమీ కనిపించటం లేదని నిరుత్సాహపడొద్దు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఆ మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోను చూశారంటే మళ్ళీ మొదటికి వచ్చినట్లే. అద్దాల్ని చీరకొంగుతో తుడవకండి, గీతలు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, దుర్భిణితో సూర్యుణ్ణి ఎన్నడూ, ఒక్క క్షణమైనా చూడకూడదు. చూపు శాశ్వతంగా పోతుంది. పగటిపూట పిల్లల చేతికి అందకుండా పెట్టండి.

మనది కరువు సీమ అంటారు. నిజమే. మా వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. కాని వాన యివ్వని ఆకాశం చుక్కల్నిస్తుంది. కార్తీకం దాటింది మొదలు వేసవి చివరిదాకా మబ్బులేని రాత్రులు మనకున్నన్ని కోస్తావాళ్ళకు లేవు. 

కార్తీకమాసంలో దీపం పెట్టి తలెత్తితే తూర్పున కృత్తికలు కనిపిస్తాయి. ఆ నెల పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గర వుంటాడు గనుకనే దానికి కార్తీకమని పేరు. పున్నమి వెలుతురులో చుక్కలు వెలవెలబోతాయి, అందుకని ఓ వారం ఆగి చూడండి. మా అత్తమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషనయింది. ఆ కంటికి దుర్భిణి ఆనించి కృత్తికల్ని చూపించాను. ఆవిడ వాటిని పిల్లలకోడి అంటుంది. చాలాసేపు చూసి, "చిన్నప్పుడు ఆరో ఏడో లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడెన్ని పిల్లల్ని పెట్టిందే ఇది!" అంది. ముప్పై నలభై చుక్కలదాకా కనిపిస్తాయి మరి. ఆ వెలుగు అక్కడినుంచి ఇక్కడికి రావటానికి సుమారు 440 యేళ్ళు పట్టింది. అంటే అది బయలుదేరిన నాటికి, తళ్ళికోట యుద్ధం (1565) తరవాత విజయనగర రాజులు మన పెనుకొండను రాజధాని చేసుకుని ఏలుతున్నారు. కోట శిథిలమయిందిగాని ఆనాటి వెలుగు ఇవాళ కొత్తగా మా అత్తమ్మ కంట్లో పడింది.

సంక్రాంతి తరవాత, ఓరియన్ అనే వేటగాడు రాత్రి ఎనిమిది గంటలకు బాగా పైకి వస్తాడు. నడుముకు వరసగా మూడు చుక్కలు. ఆ మూడింటికి దక్షిణంగా కత్తిలా వేలాడే చిన్న చుక్కల మధ్య ఒక తెల్లటి మసక కనిపిస్తుంది. అది కొత్త నక్షత్రాలు పుడుతున్న పురిటిల్లు. అక్కడి వెలుగు మనల్ని చేరటానికి సుమారు 1300 యేళ్ళు. నన్నయగారు భారతం మొదలుపెట్టటానికి చాలా ముందే అది ప్రయాణమయిందన్నమాట.

ఇప్పుడు అరుంధతి దగ్గరికి వద్దాం. వేసవిలో, మే నెల మధ్యలో, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతాన ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. సప్తర్షులు కనిపిస్తారు. నాలుగు చుక్కల మంచం, మూడు చుక్కల తోక. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. చూపు బాగున్నవాళ్ళకు చీకటిచోట వశిష్ఠుడి పక్కన అరుంధతి ఉత్త కంటికే కనిపిస్తుంది. నాకు కళ్ళజోడు, మా వీధికి విద్యుద్దీపాలు. అందుకని దుర్భిణి పెట్టాను. వశిష్ఠుడి పక్కనే, పొందికగా, స్పష్టంగా అరుంధతి! వాళ్ళిద్దరి నుంచి మనకు వెలుగు రావటానికి ఎనభై యేళ్ళకు పైగా పడుతుంది. మా అవ్వ పెళ్ళికి అటూ ఇటూగా బయలుదేరిన వెలుగది.

మావారిని పిలిచి దుర్భిణి చేతికిచ్చాను. "రెండున్నాయే" అన్నారు. "ఆ రెండోదే అరుంధతి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "ఆ రోజు నాకు కనిపించలేదు" అన్నారు. "నాకూ కనిపించలేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇరవై యేళ్ళకు ఆ తంతు పూర్తయింది.

ఆ రాత్రే మరొక వింత. అరుంధతికి వీపు పెట్టి దక్షిణం వైపు తిరగండి. బాగా ఎత్తున తెల్లగా మెరిసేది చిత్త. చైత్రమాసానికి పేరిచ్చింది ఆ చుక్కే. చిత్తనుంచి నిట్టనిలువుగా కిందికి, చెయ్యి చాచి పిడికిలి పెట్టి కొలిస్తే మూడున్నర పిడికిళ్ళు దిగండి. దుర్భిణిలో గుండ్రటి దూదిపింజలాంటిది కనిపిస్తుంది. దాని పేరు ఒమేగా సెంటారి. ఒక్క చుక్క కాదది, సుమారు కోటి నక్షత్రాల గుంపు. మనకు పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరం. తోకచుక్కకు పేరు పెట్టుకున్న హాలీ దొరగారు 1677లో దీన్ని గుర్తించటానికి ఇంగ్లండు వదిలి సెయింట్ హెలీనా దీవికి ఓడలో పోవలసి వచ్చింది. లండనులో అది ఉదయించనే ఉదయించదు. మనకేమో మిద్దెమీద పడుకుంటే చాలు!

రేడియోలో మాట్లాడుతున్నాను గనుక మరొక సంగతి. హిందూపురంనుంచి బెంగుళూరు రైల్లో కొంతదూరం పోతే గౌరిబిదనూరు వస్తుంది. ఆ దగ్గర్లోనే 1976లో మన శాస్త్రజ్ఞులు వెయ్యి ఏరియళ్ళను ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో, కిలోమీటరుకు పైగా పొడవున నాటారు. ఆకాశంనుంచి వచ్చే రేడియో తరంగాల్ని పట్టుకోవటానికది. మీరు నా మాట వినటానికి రేడియో తిప్పుకున్నట్లు, వాళ్ళు నక్షత్రాలకోసం తిప్పుకున్నారు. ఆ దారిన ఎన్నిసార్లు ప్రయాణం చేశానో! కిటికీలోంచి చింతచెట్లు చూశానుగాని, పొరుగునే ఇంత పని జరిగిందని ఎవరూ చెప్పలేదు.

చెప్పేవాళ్ళుండాలి, చూపించేవాళ్ళుండాలి. మన దేశపు ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయిన వైనూ బప్పుగారు హైదరాబాదులో పెరిగారు. వాళ్ళ నాన్నగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి. టెలిస్కోపు నీడన పెరిగిన ఆ కుర్రవాడు 1949లో, అమెరికాలో చదువుకుంటూ, ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. తరవాత తమిళనాడులోని కావలూరులో పెద్ద వేధశాలను నిలబెట్టాడు.

నా కథ వేరు. 1997లో నేను ధర్మవరంలో పదో తరగతి. ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రంపూట హేల్-బాప్ అనే తోకచుక్క వచ్చింది. ఒక మాస్టారు ఎక్కడినుంచో దుర్భిణి తెచ్చి మైదానంలో పిల్లలకు చూపించారు. మేము ఆడపిల్లలం నలుగురం వరసలో నిలబడితే, "చీకటి పడింది, మీరు ఇళ్ళకు పొండమ్మా" అన్నారు. ఇంటికొచ్చి నాయన్ను అడిగాను. మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే, "నీకెందుకు తల్లీ అవన్నీ" అన్నాడు. కోపంగా కాదు, ముద్దుగానే అన్నాడు. చూరు పక్కనుంచి ఒక మసక మరకలాంటిది కనిపించింది, అంతే. మర్నాడు మగపిల్లలు దానికి రెండు తోకలున్నాయని, ఒకటి తెలుపు, ఒకటి నీలమని చెప్పుకుంటూ వుంటే విన్నాను. అది మళ్ళీ ఇటు రావటానికి రెండువేల యేళ్ళకు పైగా పడుతుందట. నీకెందుకన్న ఒక్క మాటకు నేను పోగొట్టుకున్నది అంత!

అందుకే 2024 సెప్టెంబరు చివర మరో తోకచుక్క వస్తోందని తెలిసినప్పుడు నాకు నిలకడ లేదు. సుచిన్‌షాన్-అట్లాస్ అని దాని పేరు, నోరు తిరగదు. హిందూపురంలో దీపాల వెలుతురు ఎక్కువ. అమ్మాయిని వెంటబెట్టుకుని పెనుకొండలో మా అక్క ఇంటికి వెళ్ళాను. అక్క కూతురు పదో తరగతి. "పెద్దమ్మాయిని తీసుకుపో, చిన్నదాన్ని వద్దులే" అంది మా అక్క. "పితృపక్షం రోజులు, ఎల్లుండి మహాలయ అమావాస్య. ధూమకేతువును ఎదురెళ్ళి చూడటమేమిటి ఆడపిల్లలు?" అని అక్క అత్తగారు.

పెద్దావిడతో నేను వాదించలేదు. "అత్తా, చంద్రుడు లేని రాత్రి గనుకనే చుక్కలు బాగా కనిపిస్తాయి. అది ఎక్కడో కోట్ల మైళ్ళ దూరాన దాని దారిన అది పోతోంది. మన ఇంటి సంగతి దానికేం తెలుసు?" అన్నాను. అక్కతో మాత్రం ఒక్క మాట అన్నాను, "నాకు 1997 గుర్తుందక్కా." అక్క ఏమీ అనలేదు. నాలుగు గంటలకు తనే కూతుర్ని లేపి, తనూ చెప్పులు తొడుక్కుంది.

అక్టోబరు 1వ తేదీ తెల్లవారుజామున, కొండ అడ్డం రాకుండా తూర్పు ఖాళీగా వున్న చోట నిలబడ్డాం. చలిగాలి. ఊళ్ళో కోళ్ళు కూస్తున్నాయి. అయిదుంబావు దాటాక, నేలకు పిడికిలెత్తున, లేత వెలుగులో దుర్భిణికి చిక్కింది. కింద చుక్కలా తల, దానినుంచి పైకి చీపురుపుల్లల కట్టలా పరుచుకున్న తోక. నేను ముందు చూసేస్తానేమోనని భయమేసి, వెంటనే దుర్భిణి తీసి చిన్నదాని మెళ్ళో వేశాను. అది ఊపిరి బిగబట్టింది. "పిన్నీ, తోక వుంది!" అని కేక పెట్టింది. ఆ కేక వినటానికి నాకు ఇరవై యేడేళ్ళు పట్టింది. తరవాత మా అమ్మాయి, అక్క, ఆఖరున నేను చూశాం. సూర్యుడు రాకముందే దుర్భిణి పెట్టెలో పెట్టి ఇంటికి చేరుకున్నాం. అక్క అత్తగారు కాఫీ కలిపి పెట్టారు. "ఎట్లుంది?" అని మెల్లగా అడిగారు.

సోదరీమణులారా, మీరంతా శాస్త్రజ్ఞులు కావాలని నేను చెప్పటం లేదు. నేను పదో తరగతి చదివిన ఇల్లాలిని. పంచాంగంలో నక్షత్రం పేరు చూడకుండా మనం ఒక శుభకార్యం చెయ్యం. రోహిణి, మఘ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, ఇవన్నీ రోజూ మన నోట నానే పేర్లే. ఆ పేరు గల చుక్క ఎక్కడుందో, ఏ రంగులో వుందో ఒక్కసారి కళ్ళారా చూడొద్దూ? వినాయక చవితినాడు చంద్రుణ్ణి చూడకూడదంటారు. సరే, ఆ ఒక్క రాత్రి వదిలెయ్యండి. మిగతా రాత్రులన్నీ మనవే.

దుర్భిణి లేకపోయినా ఫరవాలేదు, ముందు ఉత్త కళ్ళతో మొదలుపెట్టండి. ఈ రాత్రి పనులయ్యాక దీపం ఆర్పి మిద్దెక్కండి. ఒంటరిగా కాదు, ఇంట్లో ఆడపిల్ల వుంటే చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళండి. "నీకెందుకు తల్లీ" అనకుండా, "అదుగో చూడు" అనండి. దానికి కనిపించకపోతే, కనిపించిందని చెప్పమని మాత్రం నేర్పకండి. కనిపించేదాకా పక్కనే నిలబడండి.